గొప్ప గిటారిస్టు ఎవరు: టీ బండి వాదనల్లో అపోహలు, వాస్తవాలు

భీమవరంలో కాలేజీ ఫెస్ట్ కానీ, అమలాపురంలో ఆర్కెస్ట్రా ప్రాక్టీసు కానీ, గిటార్ సంచులు గోడకి ఆనించి నలుగురు టీ గ్లాసులు పట్టుకున్నారంటే పావుగంటలో ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. అందరికంటే గొప్పోడు ఎవడు? ఒకడు హెండ్రిక్స్ అంటాడు, ఒకడు వాన్ హేలెన్ అంటాడు. గిల్మోర్ పేరెత్తేవాడు మాత్రం కాస్త నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో అంటాడు. వాదించుకోవడంలో తప్పేం లేదు. పులస పులుసులో బెండకాయ పడాలా వద్దా అని ఓ పూట గడిపేసే మనకి ఇదో లెక్కా. చిక్కేంటంటే, ఈ వాదనలో పెట్టే రుజువుల్లో సగం మన చెవులతో విన్నవి కావు, ఎవరో చెప్పగా విన్నవి. గిటార్ నేర్పేవాళ్ళకి, సెటప్ చేసేవాళ్ళకి, స్టేజీ ఎక్కేవాళ్ళకి ఇవి రోజూ ఎదురయ్యే మాటలే. ఒకటో నంబరు ఎవరిదో ఇక్కడ తేల్చడం లేదు. ఏం విని ఆ మాట అనాలో చెబుతున్నాం, అంతే.

అపోహ: "పెద్ద పత్రికే ర్యాంకులిచ్చేసింది కదా, ఇంకా వాదనేంటి?"

అందరూ చూపించేది రోలింగ్ స్టోన్ పత్రిక జాబితా. ఏ సంవత్సరానిది అని అడగండి. 2003లో ఒకటి వేశారు, 2011లో ఇంకొకటి, 2023లో మరొకటి. మొదటి రెండిట్లో వందేసి మంది, మూడోదాంట్లో 250 మంది. ఎడ్డీ వాన్ హేలెన్ 2003లో 70వ స్థానంలో ఉన్నాడు. 2011లో 8కి, 2023లో 4కి వచ్చాడు. ఎరిక్ క్లాప్టన్ 4 నుంచి 2కి ఎక్కి, చివరి జాబితాలో 35కి దిగిపోయాడు. గాయని జోనీ మిచెల్ 72 నుంచి 9కి వచ్చింది.

ఈ ఇరవై ఏళ్ళలో వాళ్ళ పాత రికార్డుల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. తూకం వేసే చెయ్యి మారింది. మొదటిసారి ప్రధానంగా ఒక విమర్శకుడి అభిరుచి. రెండోసారి సంగీతకారులూ రచయితలూ కలిసి ఓటేశారు. మూడోసారి సోలోల (గిటార్ ముందుకొచ్చి ఒంటరిగా పలికే ముక్కల) కంటే పాటలో గిటార్ చేసే పనికి ఎక్కువ విలువ కట్టారు. జోనీ మిచెల్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్లు) పట్టడం కష్టమై తీగల శ్రుతినే రకరకాలుగా మార్చుకుంది. సోలోలు లెక్కపెట్టేవాడికి ఆమె 72, ట్యూనింగులు వినేవాడికి 9. మూడు జాబితాల్లోనూ కదలనిది ఒక్క హెండ్రిక్స్ మొదటి స్థానమే. అదీ కొలత కాదు, ఎక్కువమంది ఒప్పుకున్న సంగతి.

అపోహ: "ఎవడు స్పీడుగా వాయిస్తే వాడే గొప్ప"

కుర్రాళ్ళలో ఇది బాగా పాతుకుపోయింది. రీల్స్ వచ్చాక మరీను.

వేగం చూడ్డానికి కష్టంగా కనిపిస్తుంది కానీ లెక్క తేలికే. మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని దెబ్బలని లయ కొట్టే పరికరం) 120 మీద పెట్టి దెబ్బకి నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకి 8 స్వరాలు. 150 మీద అయితే 10. రోజుకి అరగంట క్రమంగా చేస్తే చాలామంది ఒకటి రెండేళ్ళలో 120 దాకా వస్తారు. అక్కడ ఆగిపోయేవాళ్ళకి అడ్డం వచ్చేది ఎక్కువగా ఎడమ చేతి వేళ్ళు కాదు, కుడి చెయ్యి. పిక్ (తీగ మీటే చిన్న పలక) తీగలోకి మరీ లోతుగా దిగి, బయటికి రావడానికి సమయం తినేస్తుంది. పిక్ కొస తీగ కిందకి ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి పోకూడదు. ఇంకో సంగతి, డిస్టార్షన్ (సౌండ్‌ని బొంగురుగా చేసే ఎఫెక్టు) వేసి వాయిస్తే సగం తప్పులు అందులో కలిసిపోతాయి. నిజంగా పరీక్షించాలంటే ఎఫెక్టులన్నీ తీసేసి, ఫోన్లో రికార్డు చేసి, సగం వేగంలో వినాలి. స్వరాల మధ్య ఎడం సమానంగా ఉందో లేదో ఇట్టే బయటపడుతుంది.

గొప్పవాళ్ళ అసలు సంతకం నెమ్మదిగా వాయించేచోట దొరుకుతుంది. బి.బి. కింగ్ కార్డ్స్ వాయించడం తనకి రాదని తనే చెప్పుకున్నాడు, వేగంతో పేరు తెచ్చుకున్నవాడూ కాదు. అయినా ఒక్క స్వరం పట్టుకుని ఊపితే అది కింగ్ అని తెలిసిపోతుంది. దాన్ని మీ గిటార్ మీద కొలిచి చూడొచ్చు. రెండో తీగ 8వ ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) వాయించండి. శ్రుతి చూపించే ట్యూనర్లో జి, 392 హెర్ట్జ్. ఇప్పుడు తీగని పైకి తోసి 10వ ఫ్రెట్ స్వరం దాకా, అంటే ఎ, 440 దాకా తీసుకెళ్ళాలి. ఉంగరం వేలు 8వ ఫ్రెట్ మీద, దాని వెనక మధ్య వేలు 7 మీద, చూపుడు వేలు 6 మీద ఉండాలి. మూడూ కలిసి తోస్తాయి. బొటనవేలు మెడ పైనుంచి పట్టుకుని ఉంటుంది. బలం వేళ్ళది కాదు, తలుపుకి తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిరగాలి. చూపుడు వేలి కొస పై తీగకి ఆని దాన్ని నోరు మూయించాలి, లేకపోతే తిరిగి వదిలేటప్పుడు అది కూడా మోగుతుంది.

ఇలా తీగ తోయడాన్నే బెండ్ అంటారు. కొత్తవాళ్ళ బెండ్ ఎక్కువగా 430 దగ్గర ఆగిపోతుంది. చెవికి దగ్గరగానే అనిపిస్తుంది కానీ పాట మీద వేస్తే పుల్లగా ఉంటుంది. ముందు 10వ ఫ్రెట్ వాయించి ఆ స్వరాన్ని నోటితో అనుకుని, తర్వాత బెండ్ చెయ్యాలి. రోజుకి ఇరవై సార్లు, ట్యూనర్ చూడకుండా చేసి ఆఖర్న చూడాలి. స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ తరహాలో, స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి (తీగలు కట్టే భాగం) ఉన్న గిటార్‌లో ఒక తీగ లాగితే బ్రిడ్జి ముందుకి వంగి మిగతా తీగల శ్రుతి దిగుతుంది. రెండు తీగలు కలిపి వాయించే బెండ్ అలాంటివాటి మీద ఎంత చేసినా కలవదు. తప్పు మీది కాదు, స్ప్రింగులది.

ఈ ఒక్క బెండ్ నెల్లాళ్ళు చేశాక గిల్మోర్‌నో, జెఫ్ బెక్‌నో మళ్ళీ వినండి. ఇంతకుముందు ఖాళీగా ఉందనుకున్న చోట ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది.

అపోహ: "లీడ్ (సోలోలు) వాయించేవాడే గిటారిస్టు, రిథమ్ ఎవడైనా కొడతాడు"

డెల్టాలో గిటార్ చేతపట్టిన కుర్రాళ్ళలో ఎంతోమంది చర్చిల్లో నేర్చుకున్నవాళ్ళు. నూట యాభై మంది కలిసి పాడుతూ ప్రతి చరణానికీ కాస్త కాస్త వెనకబడుతుంటే, ఆ లయని నిలబెట్టే పని రిథమ్ గిటార్‌దే. అది ఎవడైనా కొట్టేది కాదని అక్కడ రెండు ఆదివారాలు నిలబడినవాడికి తెలుసు.

2023 జాబితాలో 6వ స్థానం సిస్టర్ రోసెట్టా థార్ప్‌ది, 7వది నైల్ రోజర్స్‌ది. థార్ప్ గాస్పెల్ గాయని. రాకెన్‌రోల్ అనే మాట వాడుకలోకి రాకముందే చర్చి పాటలకి ఎలక్ట్రిక్ గిటార్ మోగించింది. 1964లో మాంచెస్టర్‌లో వాడకంలో లేని ఒక రైల్వే స్టేషన్లో ఆమె ఇచ్చిన కచేరీ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. ఆదివారం ఆరాధనలో వాయించే ప్రతి కుర్రాడూ చూడాల్సింది.

నైల్ రోజర్స్ పద్ధతి వినడానికి తేలిక, చేయడానికి ఏడిపిస్తుంది. కుడి చెయ్యి దెబ్బకి నాలుగు చొప్పున కిందికీ పైకీ ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. ఏది మోగాలో ఏది 'చిక్' అని ఊరుకోవాలో ఎడమ చెయ్యి తేలుస్తుంది. నొక్కితే కార్డ్, వేళ్ళు ఎత్తకుండా పట్టు వదిలితే చిక్. మనవాళ్ళు చేసే తప్పు ఏంటంటే, మోగకూడని చోట కుడి చెయ్యి ఆపేస్తారు. చెయ్యి ఆగిందంటే లయ తూలుతుంది. రోలింగ్ స్టోన్స్ బృందం కీత్ రిచర్డ్స్ దారి ఇంకోటి. ఆరో తీగ తీసేసి మిగతా ఐదింటినీ జి, డి, జి, బి, డి అని శ్రుతి చేసుకుంటాడు. అతని పాటలు మామూలు ట్యూనింగులో ఎంత సరిగ్గా వాయించినా ఏదో తక్కువైనట్టు ఉండేది అందుకే.

అపోహ: "వాళ్ళ గిటార్, వాళ్ళ పెడల్ కొంటే వాళ్ళ సౌండ్ వస్తుంది"

క్వీన్ బృందం బ్రయాన్ మే వాయించే గిటార్ అతను, వాళ్ళ నాన్న 1963లో ఇంట్లో మొదలుపెట్టి తయారు చేసుకున్నది. మెడకి పాత పొయ్యిగూటి చట్రం చెక్క వాడారు. పిక్ బదులు ఆరు పెన్నీల నాణెం. డబ్బు పెట్టి ఇది కొనుక్కోవడం ఎలాగో కొనేవాళ్ళే చెప్పాలి.

తీగల మందం గురించీ ఇలాంటి నమ్మకమే. స్టీవీ రే వాన్ మొదటి తీగ 13 గేజ్ (అంగుళంలో వెయ్యోవంతుల్లో మందం) వాడేవాడు కాబట్టి లావు తీగకే లావు సౌండ్ అంటారు. 648 మిల్లీమీటర్ల స్కేల్ (మోగే తీగ పొడవు) గిటార్ మీద మొదటి తీగ 9 గేజ్ అయితే సుమారు 5.9 కిలోల బిగువు, 10 అయితే 7.3, 13 అయితే 12.4. వాన్ అర స్వరం దించి శ్రుతి చేసేవాడు, దాంతో బిగువు 11 శాతం తగ్గుతుంది. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. ఇంకోపక్క జెడ్.జెడ్. టాప్ బృందం బిల్లీ గిబ్బన్స్ 7 గేజ్ వాడతాడు. అతని సౌండ్ సన్నగా ఉందని ఎవరైనా అంటే వినాలని ఉంది.

మన దగ్గర సౌండ్ చెడేది వేరే కారణాలకి. మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ని తిన్నగా మిక్సర్‌కి పెట్టి డిస్టార్షన్ నొక్కితే కందిరీగ మోత వస్తుంది, వెంటనే పెడల్ మంచిది కాదంటారు. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక చప్పున పడిపోతుంది, ఆ పై రొదని అదే మింగేస్తుంది. ఆర్కెస్ట్రా బాక్సులు అలా మింగవు, అన్నీ బయటపెడతాయి. పెడల్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్‌ని అనుకరించే సెట్టింగు) ఆన్ చెయ్యాలి. అది లేకపోతే మిక్సర్లో ఆ చానల్ ట్రెబుల్ బాగా తగ్గించాలి. హెండ్రిక్స్ వెనక మార్షల్ స్పీకర్లు ఉండేవి, మీ వెనక లేవు. తేడా అక్కడుంది.

తీర్థాల్లో, జాతరల్లో ఇంకో తంటా. స్టేజీ చుట్టూ సీరియల్ లైట్లు, పక్కనే జనరేటర్. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే ఒంటి తీగచుట్ట) ఈ 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దాన్ని ఏరియల్‌లా పట్టేస్తుంది. రెండు కాయిళ్ళని ఎదురెదురుగా చుట్టి ఆ హమ్ముని రద్దు చేసే హంబకర్‌ని గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించింది ఈ బాధకే. మీది సింగిల్ కాయిల్ అయితే పికప్‌లు మార్చే స్విచ్‌ని రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెట్టి చూడండి, మధ్య పికప్ తిరగేసి చుట్టినదైతే హమ్ తగ్గుతుంది. మీరు నిలబడే దిక్కు పావు చుట్టు మారినా తేడా వినిపిస్తుంది. తీగలు పట్టుకుని మైకుకి పెదవి తగిలితే చురుక్కుమంటే మాత్రం అది సౌండ్ గొడవ కాదు, ఎర్త్ గొడవ. వాయించడం ఆపి ముందు ఎర్త్ సరిచేయించండి. హమ్ తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్ళున్నారు. ప్రాణం మీదకి తెచ్చుకునే పని.

ఇక "నా వేళ్ళు పనికిరావు, వాళ్ళవి దేవుడిచ్చిన వేళ్ళు" అనేవాళ్ళు ముందు తమ గిటార్ యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) కొలవాలి. వానాకాలం మన గాలిలో తేమకి అకూస్టిక్ గిటార్ పై పలక ఉబ్బి బ్రిడ్జిని ఎత్తుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఎవరి వేళ్ళైనా బొబ్బలెక్కాల్సిందే. ఆరో తీగ దగ్గర 2.5, మొదటి తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు ఉంటే హాయి. ముందు మెడ వంపు చూడాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) వేసి, మెడ పెట్టెని కలిసేచోట ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే, 7వ ఫ్రెట్ దగ్గర సందు పావు మిల్లీమీటరు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) ఒకసారికి పావు చుట్టు మించకుండా బిగించి, ఓ రాత్రి ఆగి మళ్ళీ చూడాలి. అప్పటికీ ఎత్తుగా ఉంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్క) తీసి కింది వైపు అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. ఈ లెక్క తెలీక చాలామంది సగంలో ఆపేస్తారు. శాండ్ పేపర్‌ని గాజు పలక మీద పరిచి దాని మీద రుద్దండి, అడుగు చదునుగా రావాలి. వంకరగా వస్తే లోపల పికప్ ఉన్న గిటార్‌లో ఒక తీగ గట్టిగా, ఒక తీగ నీరసంగా వినిపిస్తుంది.

ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు) మాత్రమే చచ్చినా పట్టలేకపోతుంటే, మొదటి ఫ్రెట్ మీద కాపో వేసి అదే ఆకారం పైన పట్టి చూడండి. అక్కడ తేలికగా వస్తే నట్ (మెడ చివర తీగలు ఆనే ముక్క) ఎత్తుగా ఉందని అర్థం. అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పెక్కుతాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి. తుప్పు తీగ మీద బెండ్ చేస్తూ హెండ్రిక్స్‌తో పోల్చుకోవడం, పంక్చరైన సైకిలు మీద పందెం కట్టడం లాంటిది.

అపోహ: "హెండ్రిక్స్ గిటార్‌ని తిరగేసి వాయించాడు, అదే అతని కిటుకు"

తిరగేసింది గిటార్‌ని, తీగల్ని కాదు. కుడిచేతివాళ్ళ స్ట్రాటోకాస్టర్‌ని ఎడమచేతికి మార్చి, తీగలు మళ్ళీ సరైన వరుసలోనే కట్టుకునేవాడు. అలా చేస్తే బ్రిడ్జి దగ్గర ఏటవాలుగా ఉండే పికప్ వాలు తిరగబడి లావు తీగలు కాస్త పదునుగా, సన్న తీగలు కాస్త మెత్తగా మోగుతాయి. తేడా అంతవరకే. బొటనవేలితో పైనుంచి బేస్ స్వరం నొక్కి పట్టి, మిగతా వేళ్ళతో కార్డ్‌నీ చిన్న చిన్న పలుకుల్నీ కలిపి వాయించడం అతని అసలు విద్య. దాన్ని మామూలు గిటార్ మీదే నేర్చుకోవచ్చు.

అపోహ: "పొడుగు వేళ్ళు ఉంటేనే"

జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో బండిలో మంటలంటుకుని ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. సోలోలు రెండు వేళ్ళతో వాయించాడు. బ్లాక్ సాబత్ బృందం టోనీ అయోమీకి 1965లో రేకుల కర్మాగారంలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు కట్టాడు, తర్వాత బిగువు తగ్గడానికి శ్రుతి స్వరంన్నర దించాడు. హెవీ మెటల్ బరువు సౌండ్‌లో ఆ దించిన శ్రుతికి పెద్ద వాటా ఉంది. వేళ్ళ పొడుగు మాట ఇంతటితో వదిలేద్దాం.

అపోహ: "నొటేషన్ రానివాడు గొప్పవాడు కాలేడు" / "నొటేషన్ నేర్చుకుంటే ఫీల్ పోతుంది"

రెండూ తప్పే. జాజ్ గిటారిస్టు వెస్ మోంట్‌గోమరీకి నొటేషన్ రాదు, హెండ్రిక్స్‌కీ రాదు. సెగోవియా దారిలో క్లాసికల్ గిటార్ వాయించాలంటే అది లేకుండా అడుగు పడదు. సినిమా రికార్డింగులకి వెళ్ళాలనుకునే కుర్రాడికి కాగితం చదవడం వస్తే పని దొరుకుతుంది.

అపోహ: "గిటార్ మీద గమకం పలకదు, కాబట్టి మన సంగీతంతో దానికి పోలికే లేదు"

ఈ మాట ఇంకెక్కడన్నా అంటే సరే అనుకోవచ్చు. పాలకొల్లు ఉన్న నేల మీద నిలబడి అనకూడదు.

1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. జంట తీగలుండే ఎనిమిది తీగల వాద్యం అది, గమకానికి ఏమాత్రం లొంగదు. రెండు తీగలు ఒకేసారి లాగితే రెండూ ఒకే ఎత్తుకి రావు, శ్రుతి చీలుతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడాడు. కరెంటు పికప్ వల్ల స్వరం ఎక్కువసేపు నిలబడుతుంది, ఒంటి తీగ వల్ల లాగితే ఒకే శ్రుతి మీద నడుస్తుంది. గమకానికి కావలసింది ఆ రెండే. ఎలక్ట్రిక్ గిటార్‌కి రెండూ పుట్టుకతోనే ఉన్నాయి.

జాన్ మెక్‌లాఫ్లిన్ ఇదే సమస్యని 1970లలో భారతీయ వాద్యకారులతో కట్టిన శక్తి బృందం కోసం ఇంకోలా పరిష్కరించుకున్నాడు. ఫ్రెట్లకీ ఫ్రెట్లకీ మధ్య చెక్కని గుంటలుగా తొలిపించాడు. వేలికి చెక్క తగలదు, తీగ మాత్రమే తగులుతుంది, లాగడం తేలికవుతుంది. వీణ మెట్లు ఎత్తుగా ఉండటం వల్ల వచ్చే సుఖం అదే. అదే మెక్‌లాఫ్లిన్ తర్వాత శ్రీనివాస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రిమెంబర్ శక్తిలో వాయించాడు. ప్రపంచంలో గొప్ప గిటారిస్టుల్లో ఒకడు పాలకొల్లు మాండొలిన్‌కి జవాబు చెప్పుకుంటూ వాయించిన కచేరీల రికార్డింగులు ఉన్నాయి. టీ బండి దగ్గర వాన్ హేలెన్ గురించి గొంతు చించుకునేవాళ్ళు అవి ఒక్కసారైనా వినాలి.

ఇందాకటి బెండ్ గుర్తుందా, రెండో తీగ 8వ ఫ్రెట్? ఇప్పుడు అదే తీగ 5వ ఫ్రెట్‌ని షడ్జమం అనుకోండి. తోడి రాగంలో శుద్ధ రిషభం 6, సాధారణ గాంధారం 8, శుద్ధ మధ్యమం 10. తోడి గాంధారాన్ని 8వ ఫ్రెట్ మీద ఊరికే నొక్కి పట్టుకుంటే కరెంటు స్తంభంలా నిలబడుతుంది, రాగం రాదు. అది రిషభం వైపు వాలుతూ మధ్యమాన్ని తాకుతూ ఊగాలి. పై సగానికి 8 నుంచి 10 స్థాయికి తీగ లాగి వదలాలి. బ్లూస్ వాళ్ళు రోజుకి వందసార్లు చేసే బెండ్ అదే. కింది సగానికి మాత్రం బెండ్ పనికిరాదు, తీగ లాగితే స్వరం పైకే పోతుంది గానీ కిందికి రాదు. 6వ ఫ్రెట్ నుంచి జారుతో రావాలి. వీణ మీద ఒకే మెట్టు నుంచి ఇదంతా లాగేస్తారు. గిటార్ మీద జారునీ లాగుడునీ అతకాలి, ఆ అతుకు వినపడకూడదు. కష్టం అక్కడుంది. పలకదు అనడం మాత్రం అబద్ధం.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబు, ఇద్దరిలో ఎవరు గొప్ప అని మన పెద్దలూ వాదించుకున్నారు. గురువుగారి మీటు ఇలా ఉంటుంది, శిష్యుడి గమకం అలా ఉంటుంది అని, ఫలానా రాగంలో ఫలానా ప్రయోగం దగ్గర వేలు పెట్టి చూపించి మరీ వాదించేవాళ్ళు. గిటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం పేరు, ర్యాంకు, వ్యూస్ చెప్పి ఊరుకుంటున్నాం.

అపోహ: "క్లాప్టన్‌ని 'ప్రపంచంలో గొప్ప గిటారిస్టుగా ఉండటం ఎలా ఉంది' అని అడిగితే 'ప్రిన్స్‌ని అడగండి' అన్నాడు"

ప్రిన్స్ అంటే ఆ పేరున్న అమెరికన్ గాయకుడు, గిటారిస్టు. ఫార్వర్డ్ మెసేజీల్లో ఇది తిరగని గ్రూపు లేదు. ఇదే కథలో అడిగింది హెండ్రిక్స్‌ని అనీ, అతను రోరీ గలాఘర్ పేరు చెప్పాడనీ ఇంకో రకం ఉంది. అదే హెండ్రిక్స్ ఫిల్ కీగీ పేరు చెప్పాడనేది మరో రకం. ప్రశ్న ఒకటే, జవాబు ఒకటే, పేర్లు మాత్రం చెప్పేవాడి అభిమానాన్ని బట్టి మారుతుంటాయి. ఈసారి ఎవరైనా ఇది చెబితే ఏ పత్రిక, ఏ తేదీ అని నెమ్మదిగా అడగండి. టీ చల్లారిపోతుంది గానీ జవాబు రాదు.